మన ఎండను, మన కరెంటును తట్టుకునే గేమింగ్ కంప్యూటర్ కోసం విడిభాగాల ఎంపిక

సొంతంగా గేమింగ్ కంప్యూటర్ కూర్చుకోవాలనుకునేవారు దాదాపు అందరూ మొదట అడిగేది ఏ గ్రాఫిక్స్ కార్డు కొనాలన్నదే. తిరుపతిలోనూ చిత్తూరులోనూ బంధువులకూ స్నేహితులకూ కంప్యూటర్లు కూర్చిపెట్టిన అనుభవంతో నేను చెప్పేదేమిటంటే, ఆ ప్రశ్న మధ్యలో రావలసినదే గాని మొదట రావలసినది కాదు. ఈ ఎంపికకు రెండు కొసలున్నాయి. ఒక కొస బల్ల మీద ఉండే మానిటర్. ఏ ఆటను ఎంత స్పష్టంగా, ఎంత వేగంగా ఆడదలచుకున్నారో అది నిర్ణయిస్తుంది. రెండో కొస గోడకున్న ప్లగ్గు. అందులో వచ్చే కరెంటు ఎలాంటిదో, ఆ గది మే నెల మధ్యాహ్నం ఎంత కాగుతుందో తెలిస్తే యంత్రానికి ఎంత రక్షణ కావాలో తెలుస్తుంది. ఈ రెండూ తేలాక ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు ఏవి కావాలన్నది చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

మానిటర్ కొస

మానిటర్ విషయంలో రెండు అంకెలు చూడాలి. మొదటిది తెర మీది చుక్కల సంఖ్య. 1080పి తెరలో సుమారు 20.7 లక్షల చుక్కలుంటాయి, 1440పి తెరలో సుమారు 36.9 లక్షలు, 4కె తెరలో సుమారు 83 లక్షలు ఉంటాయి. ప్రతి ఫ్రేములోనూ, అంటే ఆట తెర మీదికి పంపే ఒక్కో బొమ్మలోనూ, ఇన్ని చుక్కలకూ రంగు లెక్కగట్టవలసింది గ్రాఫిక్స్ కార్డే కాబట్టి, 1080పి నుంచి 4కెకు మారితే దాని నెత్తిన నాలుగింతల పని పెట్టినట్టే. రెండోది రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మారుస్తుందన్నది. 60 హెర్ట్జ్ తెర ఒక్కో బొమ్మను సుమారు 16.7 మిల్లీసెకన్లు నిలిపి ఉంచుతుంది, 144 హెర్ట్జ్ తెరలో ఆ వ్యవధి 7 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. వాలరాంట్, కౌంటర్-స్ట్రైక్ 2 వంటి పోటీ ఆటల్లో ఎదుటివాడు గోడ చాటు నుంచి బయటికి రావడం కాస్త ముందుగా కనబడేది ఈ తేడా వల్లనే. కథ ప్రధానంగా సాగే పెద్ద ఆటలను తీరిగ్గా ఆడేవారికి మాత్రం రిఫ్రెష్ రేటు కన్నా చుక్కల సంఖ్యా, రంగుల నాణ్యతా ఎక్కువ తృప్తినిస్తాయి.

పోటీ ఆటలు ఆడేవారికి 24 అంగుళాల 1080పి తెర, 144 హెర్ట్జ్ లేదా అంతకు మించినది, పక్క నుంచి చూసినా రంగులు మారని ఐపీఎస్ ప్యానెల్‌తో ఉన్నది సరిపోతుందని నా అభిప్రాయం. రెండు రకాల ఆటలూ ఆడేవారికి, బడ్జెట్ కాస్త సాగేవారికి 27 అంగుళాల 1440పి తెర మంచి మధ్యేమార్గం. తెర వేగాన్ని కార్డు వేగానికి సరిపెట్టే ఫ్రీసింక్ గాని, జీ-సింక్‌కు అనుకూలత గాని ఉన్నది తీసుకుంటే ఫ్రేముల సంఖ్య హెచ్చుతగ్గులైనప్పుడు బొమ్మ చీలినట్టు కనబడదు. ఇంట్లో ఉన్న పాత 60 హెర్ట్జ్ మానిటర్‌తోనే సరిపెట్టుకుంటామనేవారు ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొనకూడదు. కార్డు సెకనుకు 150 ఫ్రేములు తయారుచేసినా ఆ తెర చూపించేది 60 మాత్రమే.

గోడ ప్లగ్గు కొస

ఈ భాగాన్ని కాస్త వివరంగానే రాస్తాను, ఎందుకంటే మన ఇళ్లలో కంప్యూటర్లు పాడవడం చాలావరకు ఇక్కడే మొదలవుతుంది.

తిరుపతి కొర్లగుంటలో మేము అద్దెకున్న ఇంట్లో కూర్చిన మొదటి కంప్యూటర్ క్యాబినెట్‌ను చెప్పుల్లేని కాళ్లతో నిలబడి ముట్టుకుంటే వేలి కొసన జివ్వుమనేది. లోపల ఏదో తీగ తగులుతోందనుకుని రెండుసార్లు మొత్తం విప్పి మళ్లీ కూర్చాను. తప్పు లోపల లేదు. కంప్యూటర్‌కు కరెంటునిచ్చే ఎస్‌ఎంపీఎస్‌లో ఫేజు, న్యూట్రల్ తీగల నుంచి లోహపు పెట్టెకు చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. వాటి గుండా వచ్చే అతి స్వల్పమైన కరెంటు ఎర్త్ తీగ మీదుగా భూమిలోకి పోవాలి. ఎర్తింగ్ సరిగా లేకపోతే అది క్యాబినెట్ మీదే నిలిచి, ముట్టుకున్న మనిషి గుండా దారి వెతుక్కుంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో చూపిస్తే న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 38 వోల్టులు చూపించింది. "గుంతలో నీళ్లు పోసి ఎన్నాళ్లయింది న్నా?" అని అడిగాడాయన. పెరట్లో ఎర్తింగ్ గుంత మూత తీస్తే మట్టి బూడిదలా పొడిగా ఉంది. గుంతను తవ్వి, ఉప్పూ బొగ్గూ కొత్తగా వేసి, వదులైన బోల్టు బిగించి, నాలుగు బిందెల నీళ్లు పోసి మళ్లీ కొలిస్తే మీటర్ 2 వోల్టుల లోపే చూపించింది. క్యాబినెట్ ఆ తర్వాత ఎప్పుడూ జివ్వుమనలేదు.

కాబట్టి ఏ భాగమూ కొనకముందే కంప్యూటర్ పెట్టదలచిన చోట ప్లగ్గును ఎలక్ట్రీషియన్ చేత కొలిపించండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టుల దగ్గర, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. మధ్యరకం గేమింగ్ కంప్యూటర్ గోడ నుంచి తీసుకునేది రెండు ఆంపియర్ల లోపే కాబట్టి మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు చాలు. అయితే చవక ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో కొన్నింటికి మూడో రంధ్రం పైకి కనబడుతుంది గాని లోపల దానికి తీగే కలిపి ఉండదు. అలాంటి పెట్టె మధ్యలో పెడితే గోడలో ఎంత మంచి ఎర్తింగ్ ఉన్నా వృథా.

తర్వాత ఎస్‌ఎంపీఎస్ ఎంపిక. మా బంధువులబ్బాయి ఒకడు ఒక దుకాణంలో మొత్తం కంప్యూటర్‌ను కూర్పించుకున్నాడు. ప్రాసెసర్, కార్డు పేర్లు బిల్లులో ఘనంగా ఉన్నాయి, ఎస్‌ఎంపీఎస్ ఎదురుగా మాత్రం "500 వాట్లు" అని మాత్రమే రాసి ఉంది. ఆట మొదలైన పది నిమిషాలకు యంత్రం దానంతట అదే ఆగిపోయేది. పక్క పలక తీసి ఎస్‌ఎంపీఎస్ మీద అతికించిన కాగితం చదివితే విషయం తెలిసింది. కంప్యూటర్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా వాడుకునేది 12 వోల్టుల లైనును. ఆ కాగితం మీద 12 వోల్టుల గడిలో 20 ఆంపియర్లని ఉంది. 12ను 20తో గుణిస్తే 240 వాట్లు. మిగిలిన అంకెలన్నీ ఆటకు పెద్దగా పనికిరాని 3.3, 5 వోల్టుల లైన్లవి కలిపి చూపిన లెక్క. నాణ్యమైన 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో ఆ గడిలో 45 ఆంపియర్ల దరిదాపుల్లో ఉంటుంది, అంటే 540 వాట్లు. దుకాణంలో పెట్టె చేతికి రాగానే ముందుగా ఈ గుణకారం చేసి చూడండి.

80 ప్లస్ గుర్తు ఉందో లేదో కూడా చూడాలి, కాని అది చెప్పేది గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వేడిగా వృథా కాకుండా కంప్యూటర్‌కు చేరుతోందన్నది మాత్రమే. వోల్టేజీ హఠాత్తుగా పెరిగినా, ఎక్కడైనా షార్ట్ అయినా తనంతట తాను ఆగిపోయే రక్షణలున్నాయా లేదా అన్నది దానితో తెలియదు. ఓవర్ వోల్టేజ్, ఓవర్ కరెంట్, షార్ట్ సర్క్యూట్ ప్రొటెక్షన్లు ఉన్నట్టు స్పష్టంగా రాసి ఉన్న, కనీసం అయిదేళ్ల వారంటీ ఉన్న దాన్ని ఎంచుకోండి. చంద్రగిరి, పాకాల, పుత్తూరు వైపు పల్లెల్లో బోరు మోటారు వేయగానే లైట్లు మసకబారే ఇళ్లలో ఇంకో అంకె కూడా చూడాలి. ఇన్‌పుట్ గడిలో 200–240 వోల్టులని ఉన్నది కాకుండా 100–240 వోల్టులని ఉన్నది తీసుకుంటే వోల్టేజీ 170కి పడినా కంప్యూటర్ ఆగదు.

ఎన్ని వాట్లు కావాలన్నది లెక్కే. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు, 65 వాట్ల తరగతి ప్రాసెసర్ పూర్తి పనిలో 90 వాట్ల వరకు, మదర్‌బోర్డు, ఎస్‌ఎస్‌డీ (ఆటలూ ఫైళ్లూ దాచుకునే డ్రైవు), ఫ్యాన్లు అన్నీ కలిపి 50 వాట్లనుకుంటే మొత్తం 255 వాట్లు. క్షణకాలం ఎగసే వాడకానికీ, రేపు మార్చబోయే కార్డుకూ చోటు వదిలి 550 వాట్లది కొంటే సరిపోతుంది. 850 వాట్లది కావాలని ఎవరైనా అంటే ఈ కూడిక చేసి చూపించమనండి. కరెంటు బిల్లు సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది. గోడ దగ్గర 300 వాట్లు తీసుకునే కంప్యూటర్ రోజుకు నాలుగు గంటలు ఆడితే 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు అవుతుంది.

యూపీఎస్‌ను చాలామంది చివర మిగిలిన డబ్బుతో కొంటారు. దుకాణాల్లో ఎక్కువగా కనబడే 600 వీఏ యూపీఎస్ నిజంగా ఇవ్వగలిగేది సుమారు 360 వాట్లు. గోడ దగ్గర 300 వాట్లు తీసుకునే కంప్యూటర్‌కు మానిటర్ కూడా తోడైతే అది అంచుల మీద నడుస్తుంది, కరెంటు పోయిన క్షణాన మోయలేక కంప్యూటర్‌తో పాటే ఆరిపోతుంది. గేమింగ్ కంప్యూటర్‌కు 1000 వీఏ తరగతిది పెట్టుకోవడం మేలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవారు దాని వెనకున్న చిన్న స్విచ్‌ను యూపీఎస్ వైపు తిప్పుకుంటే వోల్టేజీ కాస్త తేడా రాగానే బ్యాటరీకి త్వరగా మారుతుంది. అయితే అది ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరై ఉండాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నేటి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని గరగర శబ్దం చేస్తాయి, కొన్ని అసలు నిలబడవు.

ఈశాన్య రుతుపవనాల వానల్లోనూ, వేసవి ఉరుముల్లోనూ కంప్యూటర్ ప్లగ్గు పీకేస్తే చాలదు, ఇంటర్నెట్ తీగ కూడా పీకాలి. వీధి స్తంభం మీది పెట్టె నుంచి రాగి ల్యాన్ తీగను నేరుగా ఇంట్లోకి లాగిన చోట్ల పిడుగు ఆ దారిన కూడా వస్తుంది. ఒక నవంబరు రాత్రి మా ఇంట్లో ప్లగ్గు పీకి ఉన్నా మదర్‌బోర్డు మీది ల్యాన్ పోర్టు అలాగే కాలిపోయింది. ఫైబర్ తీగ ఇంటిదాకా వచ్చేవారికి ఈ బెడద చాలా తక్కువ.

గ్రాఫిక్స్ కార్డు

ఇప్పుడు అసలు ప్రశ్నకు రావచ్చు. మొత్తం డబ్బులో మూడో వంతు నుంచి నలభై శాతం దాకా గ్రాఫిక్స్ కార్డుకు కేటాయించడం న్యాయం. 1080పి తెరకు ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌టీఎక్స్ 5060, ఆర్‌ఎక్స్ 7600 స్థాయి 8 జీబీ కార్డులు నేటికీ పనిచేస్తాయి, పోటీ ఆటలకైతే ఎక్కువే. కొత్తగా వచ్చే పెద్ద ఆటలను 1440పిలో నాలుగేళ్ల పాటు ఆడాలనుకునేవారు మాత్రం 8 జీబీ దగ్గర ఆగవద్దు. కార్డు సొంత మెమరీ నిండిపోతే అది ర్యామ్ నుంచి తెచ్చుకోవడం మొదలుపెడుతుంది, అప్పుడు ఆట సాఫీగా సాగుతూ సాగుతూ మధ్యమధ్యలో ఆగి ఆగి కదులుతుంది. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ ఒకే పేరుతో 8 జీబీ, 16 జీబీ రెండు రకాలుగానూ వస్తాయి. బిల్లులో పేరు మాత్రమే రాసి ఊరుకోనివ్వకుండా పెట్టె మీది జీబీ అంకె చూసి, దాన్ని బిల్లులో రాయించుకోండి.

పాత కంప్యూటర్‌లో కొత్త కార్డు వేసుకునేవారికి ఒక మాట. కొన్ని కార్డులు మదర్‌బోర్డుతో మాట్లాడే దారులను తక్కువగా వాడతాయి. ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌ఎక్స్ 7600 ఎనిమిది దారులను వాడతాయి, ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ నాలుగే వాడుతుంది. ఈ దారులను పీసీఐ ఎక్స్‌ప్రెస్ అంటారు. వాటి మూడో తరం మదర్‌బోర్డు మీద ఒక్కో దారి వేగం నాలుగో తరంలో సగమే కాబట్టి, ఆ నాలుగు దారుల కార్డు వేగం బాగా పడిపోతుంది.

పాత కార్డు కొనడం తప్పు కాదు, కాని దాని పుట్టుపూర్వోత్తరాలు అడగాలి. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ, గ్రాఫిక్స్ కార్డులతో నాణేల తవ్వకం అవసరం లేని పద్ధతికి మారాక, అప్పటిదాకా రాత్రింబవళ్లు తిప్పిన కార్డులు పెద్ద సంఖ్యలో సెకండ్ హ్యాండ్ అంగళ్లకు వచ్చాయి. అమ్మేవారి ఇంట్లోనే ఒక పెద్ద ఆటను అరగంట నడిపించి, ఫ్యాన్ల శబ్దం విని, తెర మీద గీతలూ మచ్చలూ వస్తున్నాయేమో చూసి, అసలు బిల్లూ సీరియల్ నంబరూ సరిపోల్చుకుని తీసుకోండి. ఆ అరగంటకు ఒప్పుకోనివారి దగ్గర కొనవద్దు.

ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్

మధ్యరకం గేమింగ్ కంప్యూటర్‌కు ఆరు కోర్ల ప్రాసెసర్ చాలు. ఏఎమ్‌4 సాకెట్టులో (సాకెట్టు అంటే ప్రాసెసర్ కూర్చునే గూడు) రైజెన్ 5 5600, ఎల్‌జీఏ 1700 సాకెట్టులో కోర్ ఐ5 12400 తక్కువ ధరలో నిలకడగా పనిచేసేవి. కాని వీటి సాకెట్టుల్లో ఇక ముందుకు పోవడానికి దారి పెద్దగా లేదు. ఏఎమ్‌5 సాకెట్టుకు 2027 వరకూ, ఆ తర్వాత కూడా మద్దతు ఉంటుందని రైజెన్ తయారీ సంస్థ ఏఎమ్‌డీ ప్రకటించింది కాబట్టి, మూడేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవాలనుకునేవారు రైజెన్ 5 7600తో మొదలుపెట్టడం మంచిది. పోటీ ఆటల్లో సెకనుకు 200 ఫ్రేములకు పైగా కావాలనుకునేవారికే రైజెన్ 7 7800ఎక్స్3డీ వంటి పెద్ద క్యాషే (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమరీ) ఉన్న ప్రాసెసర్లు డబ్బుకు తగ్గ ఫలితమిస్తాయి.

పేరు చివరి అక్షరాన్ని నిర్లక్ష్యం చేయవద్దు. ఐ5 12400ఎఫ్, రైజెన్ 5 7500ఎఫ్ వంటి ఎఫ్ రకాలలో సొంత గ్రాఫిక్స్ ఉండదు. చాలా గైడ్లు వాటినే కొనమంటాయి, ఎందుకంటే కాస్త చవక. నేను మాత్రం మన ప్రాంతం వారికి ఎఫ్ లేనిదే కొనమని చెబుతాను. గ్రాఫిక్స్ కార్డు పాడైతే వారంటీ కోసం దాన్ని చాలాసార్లు చెన్నైకో బెంగళూరుకో పంపవలసి వస్తుంది, తిరిగి రావడానికి వారాలు పడుతుంది. సొంత గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసరైతే ఆ వారాలన్నీ పిల్లల చదువుకూ ఆఫీసు పనికీ కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది, తప్పు కార్డులో ఉందా మరెక్కడైనా ఉందా అన్నది కూడా ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రైజెన్ 5 5600కు చివర ఎఫ్ లేకపోయినా సొంత గ్రాఫిక్స్ లేదన్నది గుర్తుంచుకోవాలి.

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ తీసుకుని కాలక్రమంలో దెబ్బతింటున్నాయని 2024లో ఆ సంస్థే ఒప్పుకుని, బయాస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, మదర్‌బోర్డులోని ప్రోగ్రాం) ద్వారా సవరణ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. వాటిని కొత్తగా కొనేవారు బయాస్‌ను తాజా వెర్షన్‌కు మార్చుకున్నాకే ఆటలు మొదలుపెట్టాలి. ఆ తరాల ఐ7, ఐ9 ప్రాసెసర్లను సెకండ్ హ్యాండ్‌లో కొనకపోవడమే నయం.

మదర్‌బోర్డులో ఆడంబరం అక్కర్లేదు. ప్రాసెసర్ చుట్టూ ఉండే వోల్టేజీ భాగాల మీద లోహపు హీట్ సింక్ ఉండాలి, ఎందుకంటే మన వేసవిలో ముందుగా కాగేవి అవే. ర్యామ్‌కు నాలుగు స్లాట్లు, ఎస్‌ఎస్‌డీకి రెండు ఎం.2 స్లాట్లు ఉంటే తర్వాత పెంచుకోవడానికి వీలవుతుంది. బీ550, బీ650, బీ760 చిప్‌సెట్ బోర్డుల్లో ఇవి దొరుకుతాయి. పాత బీ450 బోర్డును చవకగా కొనేవారు దాని బయాస్ తమ ప్రాసెసర్‌ను గుర్తించే వెర్షన్‌లో ఉందో లేదో అమ్మేవారి చేతనే చూపించుకోవాలి.

ర్యామ్ విషయంలో డీడీఆర్4, డీడీఆర్5 అనే రెండు తరాలవి ఒకదాని చోట ఒకటి పట్టవు, గాడి స్థానమే వేరు. ఒకే 16 జీబీ కర్ర కన్నా రెండు 8 జీబీ కర్రలు మేలు, రెండు చానెళ్లూ పనిచేసి ప్రాసెసర్‌కు సమాచారం రెట్టింపు వేగంతో అందుతుంది. డీడీఆర్4లో 3200, డీడీఆర్5లో 6000 వేగం ధరకు తగినవి. 2025 చివరి నెలల నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, 32 జీబీ ఒకేసారి కొనలేనివారు 16 జీబీతో మొదలుపెట్టడంలో తప్పు లేదు. ఆ తేడాను గ్రాఫిక్స్ కార్డులోనో ఎస్‌ఎంపీఎస్‌లోనో కోయకండి.

ఎస్‌ఎస్‌డీ గురించి ఎక్కువ ఆలోచించనవసరం లేదు. 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, టీఎల్‌సీ రకం, అయిదేళ్ల వారంటీతో ఉన్నది తీసుకోండి. మూడో తరానిది సెకనుకు 3,500 ఎంబీ, నాలుగో తరానిది 7,000 ఎంబీ దాకా చదువుతుంది గాని, ఆట తెరుచుకునే సమయంలో ఆ తేడా రెండు మూడు సెకన్లకు మించి తెలియదు.

క్యాబినెట్, చల్లదనం

ఏ ఫ్యానూ, ఏ వాటర్ కూలరూ లోపలి భాగాలను గది వేడి కన్నా తక్కువకు చల్లబరచలేదు. 25 డిగ్రీల ఏసీ గదిలో 70 డిగ్రీల దగ్గర నడిచే గ్రాఫిక్స్ కార్డు, మిద్దె కింద మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీలున్న గదిలో దాదాపు 83కు చేరుతుంది. ప్రాసెసర్లు 95–100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అప్పుడు యంత్రం కాలిపోదు గాని, మీరు డబ్బు పోసి కొన్న వేగం ఎండాకాలం రెండు నెలలూ చేతికి రాదు. అందుకే సమీక్షల్లో చూపే ఉష్ణోగ్రతలకు పది పన్నెండు డిగ్రీలు కలిపి చదువుకోవాలి.

ముందు భాగం మూసిన అద్దంతో మెరిసిపోయే క్యాబినెట్లు ఆకర్షణీయంగా ఉంటాయి, కాని వాటికి గాలి పీల్చుకునే దారి పక్క సందుల్లో మాత్రమే ఉంటుంది. ముందంతా జల్లెడ ఉన్న క్యాబినెట్ కొని, ముందు రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి, వెనక ఒకటి బయటికి తోసేలా పెట్టండి. దుకాణంలో చూసేటప్పుడు ముందు జల్లెడ దగ్గర నోటితో ఊది, రెండో వైపు అరచేతికి గాలి తగులుతోందో లేదో చూడండి. నేను ప్రతిసారీ ఇలాగే చూస్తాను, ఇంతవరకు మోసపోలేదు. గ్రాఫిక్స్ కార్డు పొడవు, కూలర్ ఎత్తు ఎంత వరకు పడతాయో క్యాబినెట్ వివరాల్లో మిల్లీమీటర్లలో ఉంటుంది, కొనే ముందే సరిపోల్చుకోవాలి. 65 వాట్ల ప్రాసెసర్‌కు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ ఎయిర్ కూలర్ చాలు. వాటర్ కూలర్‌లో పంపు ఆగిపోతే విడిభాగం మన ఊళ్లో దొరకడం కష్టం.

జల్లెడ ఉన్నచోట దుమ్ము కూడా వస్తుంది కాబట్టి తీసి కడుక్కోగలిగే ఫిల్టర్ ఉండాలి, నెలకోసారి దాన్ని కడిగి ఆరబెట్టి పెట్టాలి. పూజ గదిలో సాంబ్రాణి పొగ వేసే ఇళ్లలో కంప్యూటర్‌ను ఆ గదికి దూరంగా ఉంచండి, ఆ పొగ జిడ్డు ఫ్యాన్ రెక్కలకు పట్టి దుమ్మును గట్టిగా అతికిస్తుంది. వేసవిలో నీళ్లతో నడిచే ఎయిర్ కూలర్ గాలి తిన్నగా క్యాబినెట్ మీదికి కొట్టకూడదు. వెనక వాడని స్లాట్లకు మూతలు తప్పక బిగించాలి, వెచ్చదనానికి బల్లులు ఆ సందుల్లోంచే లోపలికి దూరతాయి.

ఎక్కడ, ఎలా కొనాలి

తిరుపతి, చిత్తూరు దుకాణాల్లో మామూలు భాగాలన్నీ దొరుకుతాయి. ప్రత్యేకమైన కార్డో, మంచి ఎస్‌ఎంపీఎస్సో కావాలంటే తిరుపతివారు ఉదయం రైలుకు చెన్నై వెళ్లి రిచీ స్ట్రీట్‌లో కొనుక్కుని రాత్రికి తిరిగి రావచ్చు, చిత్తూరువారికి బెంగళూరు ఎస్పీ రోడ్డు కూడా అందుబాటులోనే ఉంటుంది. ధరలో కొంత తేడా ఉన్నా, ఎస్‌ఎంపీఎస్, మదర్‌బోర్డులను ఊళ్లోనే తెలిసిన దుకాణంలో కొనడం నాకు ఇష్టం, మార్పిడికి నడిచి వెళ్లి మాట్లాడవచ్చు. ఎక్కడ కొన్నా జీఎస్‌టీ బిల్లు తీసుకుని, అందులో ప్రతి భాగం పూర్తి పేరూ సీరియల్ నంబరూ రాయించుకోండి. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామంటే ఆ తగ్గింపు మీ వారంటీ నుంచే పోతోందని గ్రహించాలి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే పార్సిల్ విప్పడాన్ని మొదటి నుంచి చివరి దాకా ఫోనులో చిత్రీకరించండి.

కూర్చేటప్పుడు జారిపోయే విషయాలు

కూర్పు క్రమం మదర్‌బోర్డు పుస్తకంలోనే ఉంటుంది, మళ్లీ ఇక్కడ అక్కర్లేదు. అందులో కనబడనివీ, కనబడినా జారిపోయేవీ కొన్ని మాత్రం చెబుతాను. కూలర్ అడుగున అతికించి ఉండే పల్చని ప్లాస్టిక్ పొరను పీకాకే బిగించాలి. పీకకుండా బిగించిన కంప్యూటర్ ఒకటి నిమిషంలో 100 డిగ్రీలకు చేరడం నేను కళ్లారా చూశాను. రెండు ర్యామ్ కర్రలనూ ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. ప్రాసెసర్‌కు పోయే ఎనిమిది పిన్నుల తీగా, గ్రాఫిక్స్ కార్డుకు పోయే ఎనిమిది పిన్నుల తీగా చూడటానికి ఒకలా ఉన్నా ఒకటి కావు. నాలుగు, నాలుగుగా విడిపోయేది ప్రాసెసర్‌ది, ఆరు, రెండుగా విడిపోయేది కార్డుది. తీగలు విడిగా ఊడివచ్చే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ మార్చేటప్పుడు పాత తీగలను కొత్తదానికి ఎప్పుడూ తగిలించవద్దు, కంపెనీని బట్టి పిన్నుల వరుస మారుతుంది, ఎస్‌ఎస్‌డీలూ డిస్కులూ కాలిపోతాయి.

మానిటర్ తీగను మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే గుచ్చాలి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి విండోస్ 11 వేయండి. వాలరాంట్ ఆడేవారు బయాస్‌లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు రెండూ ఆన్ చేసుకోవాలి, లేకపోతే విండోస్ 11లో ఆ ఆట తెరుచుకోదు. అదే బయాస్‌లో ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో సెట్టింగును ఆన్ చేయకపోతే 6000 వేగపు ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంది. చివరగా విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటును 144కు మార్చండి. కొత్త మానిటర్‌ను ఏడాదంతా 60 దగ్గరే వాడుతున్నవారిని ఇద్దరిని చూశాను.

అన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం రెండు గంటలకు, ఏసీ వేయకుండా, మీ దగ్గరున్న అన్నిటికన్నా బరువైన ఆటను గంటసేపు నడిపించి ప్రాసెసర్, కార్డు ఉష్ణోగ్రతలు రాసుకోండి. ప్రాసెసర్ 90 లోపు, కార్డు 85 లోపు ఉంటే వేసవి గడుస్తుంది. ఆ అంకెలు రాసిన కాగితాన్ని బిల్లుతో కలిపి మదర్‌బోర్డు పెట్టెలో వేసి, ప్రాసెసర్ సాకెట్టు నల్ల మూతను కూడా అందులోనే ఉంచి, ఖాళీ పెట్టెలన్నిటినీ వారంటీ తీరేదాకా అటక మీద పెట్టండి.